కవచం పేరిట కప్పం

యాప్ రాస్తున్న కుర్రవాడికి ఊరంతా ఉచితంగా ఇచ్చే సలహా ఒకటుంది: "ముందు పేటెంటు చేయించుకో బాబూ, లేకపోతే పెద్ద కంపెనీవాళ్లు నీ ఐడియా ఎత్తుకుపోతారు." స్టార్టప్ సభల్లో మైకు పట్టుకున్నవారు ఇదే చెబుతారు. ఇంజినీరింగు కాలేజీల్లో వెలిసిన మేధోసంపత్తి విభాగాలు కూడా ఇదే చెబుతాయి. పేటెంట్ల లెక్క కాలేజీ ర్యాంకుకు పనికొస్తుంది గనక వాళ్లు చెప్పడంలో వింతేమీ లేదు. ఈ సలహాకే విధానం స్థాయిలో మరో రూపం ఉంది. మన పేటెంట్ల చట్టంలోని 3(కె) సెక్షన్ కంప్యూటర్ ప్రోగ్రాములకు పేటెంటు ఇవ్వనివ్వడం లేదట, అందుకే మన దగ్గర సొంత సాఫ్ట్‌వేర్ ఉత్పత్తులు ఎదగడం లేదట, ఆ సెక్షన్‌ను సడలిస్తే హైదరాబాదు చిన్న కంపెనీ కూడా అమెరికా కంపెనీకి ఎదురు నిలుస్తుందట.

ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురు కలిసో యాప్ చేసి అమ్ముకునేవాళ్ల విషయంలో ఈ వాదం పూర్తిగా తలకిందులుగా ఉంది. దీన్ని ఊహించి చెప్పాల్సిన పని లేదు. సాఫ్ట్‌వేర్‌కు ధారాళంగా పేటెంట్లు ఇస్తే చిన్నవాడికి ఏమవుతుందన్న ప్రయోగాన్ని అమెరికా ఇప్పటికే చేసి చూపించింది. ఫలితాలు కోర్టు రికార్డుల్లో ఉన్నాయి. మనవాళ్లు వాటిని చదవకుండా సలహా ఇస్తున్నారు, అంతే.

2011 మే నెలలో ఐఫోన్ యాప్‌లు చేసే కొందరికి కొరియర్‌లో కవర్లు వచ్చాయి. పంపింది లాడ్సిస్ అనే కంపెనీ. యాప్ లోపలే డబ్బు కట్టి అదనపు సదుపాయం కొనుక్కునే బటన్ మా పేటెంటు కిందికి వస్తుంది, లైసెన్సు తీసుకోండి, గడువు 21 రోజులు. ఇదీ సారాంశం. కవరు అందుకున్నవాళ్లలో స్కాట్లండులో కూర్చుని కాలిక్యులేటర్ యాప్ రాసుకుంటున్న ప్రోగ్రామరు కూడా ఉన్నాడు.

ఆ బటన్‌ను వీళ్లెవరూ కనిపెట్టలేదు. 2009లో ఆపిల్ తయారుచేసింది. యాప్ లోపల డిజిటల్ సరుకు ఏదైనా అమ్మాలంటే దీన్నే వాడాలని షరతు పెట్టి మరీ ఇచ్చింది. అప్పటికే ఆపిల్ దగ్గర ఆ పేటెంట్లకు లైసెన్సు ఉంది. గూగుల్, మైక్రోసాఫ్ట్‌ల దగ్గరా ఉంది. అంటే బటన్ చేసినవాడు ఒకసారి లెక్క సరిచేసుకున్నాక, అదే బటన్‌ను అతని ఆజ్ఞ మీద వాడినవాడి దగ్గర రెండోసారి వసూలు చేయడానికి బయల్దేరారు.

ఇంతకీ ఆ పేటెంటు దేని గురించి? దాని మూల దరఖాస్తు 1992 నాటిది. ఐఫోన్ పుట్టడానికి 15 ఏళ్ల ముందు మాట. ఒక వస్తువు వాడేవాళ్ల అభిప్రాయాలను ఆ వస్తువు ద్వారానే సేకరించి తయారీదారుకు చేరవేసే పద్ధతిని అందులో వర్ణించారు. దానికి కొనసాగింపు దరఖాస్తుల మీద పేటెంట్లు వస్తూనే ఉన్నాయి. యాప్ డెవలపర్ల మీద ప్రయోగించినవాటిలో ఒకటి 2007లో వచ్చింది. కనిపెట్టినాయన తన పేటెంట్లను ఇంటలెక్చువల్ వెంచర్స్ అనే పెద్ద పేటెంట్ల కొనుగోలు సంస్థకు అమ్మేశాడు. అక్కడి నుంచి అవి లాడ్సిస్ చేతికి వచ్చాయి. లాడ్సిస్ ఒక్క యాప్ కూడా చేయలేదు. ఇలాంటి కంపెనీలనే ఆ రంగంలో ట్రోల్స్ అంటారు: వస్తువు ఉండదు, ఖాతాదారులు ఉండరు, ఉండేదల్లా పేటెంట్లూ లాయర్లూ.

అడిగిన మొత్తం చూడండి. అమెరికాలో వచ్చే ఆదాయం మీద 0.575 శాతం. ఏడాదికి లక్ష డాలర్లు సంపాదించే యాప్ 575 డాలర్లు కట్టాలి. దౌర్జన్యంగా అనిపించే అంకె కాదు, మర్యాదగానే ఉంది. ఆ మర్యాదలోనే ఉంది కిటుకంతా. అమెరికా మేధోసంపత్తి లాయర్ల సంఘం అదే 2011లో చేసిన సర్వే ప్రకారం, పది లక్షల డాలర్ల లోపు వివాదం ఉన్న పేటెంటు దావాను చివరిదాకా నడపడానికి ఒక పక్షానికి అయ్యే మధ్యస్థ ఖర్చు 6,50,000 డాలర్లు. గెలిచినా పెట్టిన ఖర్చు తిరిగి రావడం అరుదు. 575 కట్టాలా, ఆరున్నర లక్షలు పెట్టి "నేను తప్పు చేయలేదు" అని రుజువు చేసుకోవాలా? ఈ లెక్క వేయడానికి చార్టర్డ్ అకౌంటెంటు అక్కర్లేదు. పేటెంటు చెల్లుతుందా, మన యాప్ దాన్ని ఉల్లంఘించిందా అన్న ప్రశ్నలు ఈ లెక్కలో ఎక్కడా రావు. చెల్లని పేటెంటుకూ అదే ధర పలుకుతుంది.

మే 23న ఆపిల్ ప్రధాన న్యాయాధికారి బ్రూస్ సూయెల్ లాడ్సిస్‌కు ఉత్తరం రాశాడు: మా లైసెన్సు మా డెవలపర్లకూ వర్తిస్తుంది, వాళ్ల జోలికి పోకండి అని. ఆపిల్ మనిషి రాసిన ఉత్తరం కదా, వ్యవహారం అక్కడితో ఆగిపోయిందనుకుంటాం. మే 31న లాడ్సిస్ ఏడుగురి మీద దావా వేసింది. టెక్సస్ తూర్పు జిల్లాలోని మార్షల్ అనే చిన్న పట్టణంలో వేసింది. ప్రతివాదుల్లో స్వీడన్ కంపెనీ ఉంది, వియత్నాం గేముల స్టూడియో ఉంది. వియత్నాంలో యాప్ రాసినవాడు అమెరికాలోని ఒక చిన్న ఊరి కోర్టుకు జవాబు చెప్పుకోవాలి! తర్వాత యాంగ్రీ బర్డ్స్ చేసిన రోవియో లాంటి పెద్దలనూ ఆ జాబితాలో చేర్చారు.

ఆపిల్ కోర్టుకు వెళ్లి తనను కూడా కేసులో చేర్చమంది. 2012లో అనుమతి దొరికింది. ఈలోగా ప్రతివాదులు ఒక్కొక్కరే రాజీపడి వెళ్లిపోయారు. 2013 సెప్టెంబరు నాటికి ఎవరూ మిగల్లేదు. వివాదమే లేనప్పుడు తేల్చాల్సింది ఏముందని న్యాయమూర్తి రాడ్నీ గిల్‌స్ట్రాప్ ఆపిల్ వాదనను పక్కన పెట్టారు. ఆపిల్ లైసెన్సు డెవలపర్లను కాపాడుతుందా లేదా? రెండేళ్లు గడిచాక కూడా ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. ప్రపంచంలో అత్యంత సంపన్నమైన కంపెనీ తోడు నిలిచినప్పుడే జవాబు రాకపోతే, ఒంటరివాడు తెచ్చుకోగలిగే జవాబు ఏమిటి? అదే 2013లో లాడ్సిస్ వేసిన మరో దావాలో కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీ మాత్రం రాజీకి ఒప్పుకోకుండా విచారణ తేదీ దాకా వెళ్లింది. అప్పుడు లాడ్సిస్ తనంత తానే దావా విరమించుకుంది. చేతిలో ఉన్న పేటెంటు మీద దాని సొంతదారుకే ఎంత నమ్మకం ఉందో అక్కడ తెలిసిపోయింది.

"కట్టేస్తే పోయేదేముంది, 575 డాలర్లేగా" అనేవాళ్లు ఉన్నారు. వ్యాపారంలో ఇవన్నీ మామూలే అంటారు. నిజమే, ఒక్కడే అడిగితే కట్టేయొచ్చు. మాక్రోసాల్వ్ అనే కంపెనీ ఫోనులో ఫారం నింపి పంపడం మీద పేటెంటు పెట్టుకుని యాప్ కంపెనీల వెంట పడింది. యాప్ దొంగ కాపీయా కాదా అని సర్వరుతో సరిచూసుకోవడం మాదే అని యూనిలాక్ దావాలు వేసింది. ఎక్స్-ప్లేన్ అనే విమాన సిమ్యులేటర్ చేసే చిన్న కంపెనీ లామినార్ రీసెర్చ్ అందులో ఇరుక్కుంది, మైన్‌క్రాఫ్ట్ చేసిన స్వీడన్ కంపెనీ మొజాంగ్ కూడా. వరసగా ఎపిసోడ్లు విడుదల చేయడం మాదే అని పర్సనల్ ఆడియో పాడ్‌కాస్టర్ల మీద పడింది. ఒక మామూలు యాప్‌లో లాగిన్ ఉంటుంది, నోటిఫికేషన్ ఉంటుంది, మ్యాపు, వెతుకులాట, చెల్లింపు ఉంటాయి. ఒక్కొక్కదాని వెనక ఎందరు హక్కుదారులు కాచుకుని ఉన్నారో ఎవరికీ తెలియదు. అర శాతం చొప్పున ఎంతమందికి కడతారు?

ఇందులో మరీ మంట పుట్టించేది తర్వాతి కథ. మాక్రోసాల్వ్ పేటెంటులోని క్లెయిములు పునఃపరిశీలనలో కొట్టుకుపోయాయి. ఎక్స్-ప్లేన్ మీద ప్రయోగించిన పేటెంటును పేటెంట్ల ట్రయల్ బోర్డు 2016లో కొట్టేసింది. పాడ్‌కాస్ట్ పేటెంటును 2015లో కొట్టేసింది, పైకోర్టు 2017లో ఖాయం చేసింది. ఇంటర్నెట్ షాపింగ్ కార్టు నాదే అన్న సోవరిన్ కంపెనీకి 2005లో అమెజాన్ 4 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడింది. న్యూఎగ్ అనే మరో దుకాణం మొండికేసి పోరాడితే 2013లో ఆ పేటెంటు చెల్లదని తేలింది. ఈలోపు కట్టినవాళ్ల డబ్బు? వెనక్కి రాలేదు. చెల్లని కాగితం మీద వసూలు చేసిన సొమ్మును తిరిగి ఇమ్మని అడిగే దారి లేదు.

ఇక "నీ దగ్గరా ఒక పేటెంటు ఉంటే ఎదుటివాడు భయపడతాడు" అన్న మాట. పెద్ద కంపెనీల మధ్య ఇది నిజం. శాంసంగ్‌కు, ఆపిల్‌కు ఇద్దరికీ వేల పేటెంట్లున్నాయి, ఇద్దరూ ఫోన్లు అమ్ముతారు, కాబట్టి ఒకరి మీద ఒకరు దావా వేసుకోగలరు. ట్రోల్ ఏదీ అమ్మడు. నీ పేటెంటును ఉల్లంఘించడానికి అతని దగ్గర వస్తువే లేదు. నువ్వు కష్టపడి సంపాదించిన పేటెంటుతో అతన్ని ఏం చేస్తావు? ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవచ్చు.

పెద్ద కంపెనీ నీ ఐడియాను నిజంగానే ఎత్తుకుపోతే? అదే ఆరున్నర లక్షల డాలర్ల సమస్య, ఈసారి నువ్వు వాది స్థానంలో. పైగా ఆ కంపెనీ దగ్గరున్న వేల పేటెంట్లలో ఏదో ఒకదాన్ని నీ యాప్ ఉల్లంఘిస్తోందని ఎదురు దావా ఖాయం.

ఒక గెలుపు కథ చెబుతారు, అది నిజమైన కథే, దాటవేయను. టొరంటోకు చెందిన ఐఫోర్‌ఐ అనే చిన్న కంపెనీ తన పేటెంటును వర్డ్ ప్రోగ్రాములో వాడుకున్నారని మైక్రోసాఫ్ట్ మీద దావా వేసి 29 కోట్ల డాలర్లు గెలిచింది. 2011 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. చూశారా, చిన్నవాడు గెలవగలడు! గెలిచాడు, పెట్టుబడి సంస్థ అండతో, నాలుగేళ్లు పోరాడి. అయితే ఆ తీర్పుతో స్థిరపడిన సూత్రం ఏమిటో కూడా చెప్పాలి కదా: ఒక పేటెంటు చెల్లదని కోర్టులో వాదించేవాడు మామూలు రుజువు చూపిస్తే చాలదు, స్పష్టమైన, గట్టిగా నమ్మించే రుజువు చూపాలి. ఐఫోర్‌ఐ గెలిచిన నెలలోనే, లాడ్సిస్ దావాలు అందుకున్న ఏడుగురి నెత్తిన ఆ బరువు పడింది. గోరుచుట్టు మీద రోకటి పోటు.

మరొక సమర్థన కొంచెం పండితుల స్థాయిది. పేటెంటు అంటే ఒప్పందం, కనిపెట్టినవాడు రహస్యం బయటపెడతాడు, సమాజం అతనికి 20 ఏళ్ల హక్కు ఇస్తుంది, ఆ పత్రాలు చదివి మిగతావాళ్లు నేర్చుకుంటారు అని. మందుల విషయంలో, రసాయనాల విషయంలో ఈ మాటకు విలువ ఉంది. ఒక అణువుకు గీత గీయొచ్చు, ఫలానా అణువు నీదో కాదో తేలుతుంది. సాఫ్ట్‌వేర్ పేటెంటు చదివి కోడు రాయడం నేర్చుకున్న మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. అందులో కోడు ఉండదు. "ఒక మొదటి యూనిట్, ఒక రెండో యూనిట్, వాటి మధ్య సమాచారం" తరహా వాక్యాలుంటాయి, రేపు పుట్టబోయే వస్తువుల మీద కూడా వల పడేలా కావాలనే వదులుగా అల్లినవి. అసలు అమెరికాలో చాలా కంపెనీల లాయర్లు తమ ఇంజినీర్లకు చెప్పేది పేటెంట్లు చదవొద్దనే. తెలిసి ఉల్లంఘించాడని తేలితే నష్టపరిహారాన్ని మూడు రెట్ల దాకా పెంచే అధికారం అక్కడి చట్టం కోర్టుకు ఇచ్చింది. చదివితే ప్రమాదం పెరిగే పత్రాలను జ్ఞాన భాండాగారం అంటున్నారు.

చదవకపోయినా తప్పించుకోలేవు. పేటెంటు చట్టంలో ఎక్కువమందికి తెలియని కఠినమైన నియమం ఇది. కాపీరైట్‌లో నువ్వు ఎవరిదీ చూడకుండా నీ బుర్రతో రాసుకుంటే, అది మరొకరిదానితో అచ్చం కలిసినా నేరం లేదు. పేటెంటులో ఆ సాకు చెల్లదు. ఎదుటివాడి పేరు కూడా వినకపోయినా, రాత్రంతా కూర్చుని సొంతంగా ఆలోచించి రాసినా, ఆ పద్ధతి అతని పేటెంటులో ఉంటే నువ్వు ఉల్లంఘించినట్టే. సాఫ్ట్‌వేర్‌లో ఒకే సమస్యకు వందమంది ఒకే పరిష్కారం కనుక్కోవడం రోజూ జరిగేదే. కాబట్టి ట్రోల్ దావాల్లో ఎదుటివాడు "నా దగ్గర దొంగిలించాడు" అని చాలాసార్లు అనడు. అనాల్సిన అవసరమే లేదు. దొంగతనం నుంచి రక్షణ అంటూ మనవాళ్లు సిఫార్సు చేస్తున్న వ్యవస్థ దొంగతనం జరిగిందా లేదా అని అడగనే అడగదు.

యాప్ లోకంలో దొంగతనం ఎలా ఉంటుందో చూడాలంటే 2014 ఫిబ్రవరికి వెళ్లాలి. త్రీస్ అనే చిన్న అంకెల ఆటను ఏడాదికి పైగా చెక్కి విడుదల చేశారు. నెల తిరిగేసరికి 1024, ఆ వెంటనే 2048 వచ్చాయి. 2048ను 19 ఏళ్ల ఇటలీ కుర్రవాడు ఒక వారాంతంలో రాసి ఉచితంగా పెట్టేశాడు. ప్రపంచమంతా దాన్నే ఆడింది. త్రీస్ చేసినవాళ్లకు అన్యాయం జరిగిందని నేనూ అనుకుంటాను. పేటెంటు దరఖాస్తు పెట్టి ఉంటే ఏమయ్యేది? మామూలుగా 18 నెలలకు ప్రచురణ, ఆ తర్వాత పరీక్ష, మంజూరుకు ఏళ్లు. అప్పటికి ఆటా పోతుంది, కాపీలూ పోతాయి, ఫోనులే మారిపోతాయి. పేరునూ బొమ్మనూ కోడునూ అచ్చంగా ఎత్తినవాళ్ల మీద ట్రేడ్‌మార్కు, కాపీరైట్ ఫిర్యాదులు పని చేస్తాయి. మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగానే గుర్తిస్తుంది. రిజిస్టరు చేయించకపోయినా, రాసిన క్షణం నుంచి హక్కు మనదే. సలహాదారులు ఈ ముక్క చెప్పరు. ఫీజు రాదు మరి.

ఫీజు మాట వచ్చింది గనక: వ్యక్తులకూ స్టార్టప్‌లకూ మన పేటెంటు ఆఫీసులో ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. చవకే. అయితే ఆ పేటెంటు భారత భూభాగంలోనే చెల్లుతుంది. యాప్ అమ్మేది అమెరికాలో, జర్మనీలో, జపానులో అయితే ప్రతి దేశంలో విడిగా దరఖాస్తు, విడిగా లాయరు, విడిగా లక్షలు.

"అదంతా పాత కథ, 2014లో ఆలిస్ తీర్పుతో సమస్య తీరిపోయింది" అని ఇప్పుడు కొత్తగా అంటున్నారు. ఆ ఏడాది జూన్ 19న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది: పాత నైరూప్య ఆలోచనకు మామూలు కంప్యూటరు తగిలించినంత మాత్రాన పేటెంటు రాదు. మంచి తీర్పు. దానివల్ల చాలా చెత్త పేటెంట్లు పోయాయి. కానీ ఆ తీర్పు తనంత తానుగా వచ్చి మన ఇంటి గుమ్మంలో కాపలా కాయదు. దావా పడ్డాక లాయరును పెట్టుకుని, ఆలిస్ ప్రకారం ఇది చెల్లదని అర్జీ వేసి, వాదించి గెలవాలి. తక్కువ ఖర్చుతో తేలే అవకాశం పెరిగింది. 575 డాలర్లతో పోలిస్తే మాత్రం ఇప్పటికీ కొండంత. ఆ తీర్పును చట్టంతో తిరగదోడాలని అమెరికా సెనేట్‌లో బిల్లులు కూడా వస్తూనే ఉన్నాయి.

2017లో ఇంకో తీర్పు వచ్చింది, టీసీ హార్ట్‌ల్యాండ్ కేసులో. అమెరికా కంపెనీ మీద పేటెంటు దావాను ఇష్టమొచ్చిన ఊళ్లో వేయడానికి లేదు, ఆ కంపెనీ నమోదైన రాష్ట్రంలో గానీ, స్థిరమైన వ్యాపార స్థలం ఉండి ఉల్లంఘన జరిగిన చోట గానీ వేయాలి. దీని అర్థం పెద్దలకు వెంటనే బోధపడింది. 2019లో ఆపిల్ ప్లేనోలో, ఫ్రిస్కోలో ఉన్న తన రెండు దుకాణాలనూ మూసేసి, జిల్లా సరిహద్దు దాటి డల్లాస్‌లో కొత్తది తెరిచింది. ప్లేనో, ఫ్రిస్కో రెండూ లాడ్సిస్ దావా వేసిన టెక్సస్ తూర్పు జిల్లా కిందికే వస్తాయి. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు గుంపుగా ఉండే ఊళ్లలో అవీ ఉన్నాయి. ఆపిల్ దుకాణం ఎత్తేయగలిగింది. వారాంతాల్లో ఇంట్లో కూర్చుని యాప్ రాసే ఫ్రిస్కో తెలుగు ఇంజినీరు ఇల్లు ఎత్తేయగలడా?

విజయవాడలో ఉన్నవాడికి పరిస్థితి ఇంకా అన్యాయం. టీసీ హార్ట్‌ల్యాండ్ రక్షణ విదేశీ ప్రతివాదులకు లేదు. అమెరికాలో నమోదు కాని కంపెనీని అక్కడి ఏ జిల్లాకైనా లాగొచ్చన్నది పాత నియమం, ఆ తీర్పు తర్వాత కూడా కోర్టులు దాన్ని అలాగే ఉంచాయి. వియత్నాం స్టూడియోకు 2011లో జరిగింది విజయవాడ స్టూడియోకు రేపైనా జరగవచ్చు.

"అమెరికా తీర్పును ఇక్కడ అమలు చేయలేరులే" అని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. సగం నిజం. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ గుర్తించిన దేశాల జాబితాలో అమెరికా లేదు, కాబట్టి ఆ తీర్పు పట్టుకుని ఇక్కడ మళ్లీ దావా వేయాలి. ఆ శ్రమ ఎవరూ పడరు, అక్కర్లేదు కూడా. నీ యాప్ ఉన్నది ఆపిల్, గూగుల్ దుకాణాల్లో. నీ డబ్బు వచ్చేది వాళ్ల చేతుల మీదుగా. హక్కుదారు దుకాణానికి ఫిర్యాదు చేస్తే, ముందు అతనితో తేల్చుకోమని నీకు మెయిలు వస్తుంది. తేల్చుకోకపోతే యాప్ అక్కడ ఉంటుందన్న హామీ లేదు. కోర్టు మెట్లు ఎక్కకుండానే శిక్ష పడే ఏర్పాటు.

ఆ దుకాణాల ఒప్పందం ఎవరైనా చదివారా? నాకు తెలిసినవాళ్లలో కిందికి జరిపి "అంగీకరిస్తున్నాను" నొక్కినవాళ్లే ఎక్కువ. నా యాప్ ఎవరి పేటెంటునూ ఉల్లంఘించడం లేదని డెవలపరు హామీ ఇస్తాడు. ఉల్లంఘించిందని తేలితే దుకాణానికి కలిగిన నష్టాన్ని తానే భరిస్తానని కూడా రాసిస్తాడు. చిన్న డెవలపర్ల ఆదాయంలో 15 శాతం, పెద్దవాళ్ల దగ్గర 30 శాతం దాకా తీసుకునే దుకాణం, తానే తప్పనిసరి చేసిన బటన్ మీద దావా పడితే ఖర్చు నీదే అంటోంది. 2011లో ఆపిల్ ముందుకు రావడాన్ని చాలామంది మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటాను. అది దాని ఇష్టం మీద చేసిన పని. ఒప్పందంలో రాసి ఉన్న బాధ్యత కాదు. చిన్న డెవలపర్ల సంఘాలు అడగాల్సింది ఇది: మీరిచ్చిన పనిముట్టును మీరు చెప్పినట్టే వాడినందుకు దావా వస్తే రక్షణ మీది అని ఒక నిబంధన. పేటెంటు దరఖాస్తు ఎలా నింపాలో నేర్పే శిబిరాలకన్నా అది వెయ్యి రెట్లు మేలు.

ఇప్పుడు 3(కె) దగ్గరికి వద్దాం. 2002 సవరణతో వచ్చి 2003లో అమల్లోకి వచ్చిన ఈ సెక్షన్ గణిత పద్ధతులనూ వ్యాపార పద్ధతులనూ ఆల్గారిథమ్‌లనూ, వాటికి తోడు వట్టి కంప్యూటర్ ప్రోగ్రామునూ పేటెంటు పరిధి బయట పెట్టింది. దీన్ని సడలించాలని 2004 డిసెంబరు ఆర్డినెన్సులో ప్రయత్నించారు. పరిశ్రమలో సాంకేతికంగా వాడే ప్రోగ్రాముకూ, హార్డ్‌వేరుతో కలిసిన ప్రోగ్రాముకూ పేటెంటు ఇవ్వొచ్చన్నారు. 2005లో పార్లమెంటు ఆ ముక్కను తీసేసింది. అదే ఏడాది జూలై 6న యూరప్ పార్లమెంటు కూడా ఇలాంటి ప్రతిపాదననే 648 ఓట్లతో తిరస్కరించింది. అనుకూలంగా పడ్డవి 14. అంటే ఇది వెనకబడిన దేశపు మొండితనం ఏమీ కాదు.

చట్టంలో కుదరనిది మార్గదర్శకాల్లో జరుగుతూ వచ్చింది. 2015 ఆగస్టులో పేటెంటు ఆఫీసు తలుపులు బాగా తెరిచింది, గోల కావడంతో డిసెంబరులో ఆపింది. 2016 ఫిబ్రవరిలో కొత్త హార్డ్‌వేరు ఉంటేనే అంది. 2017 జూన్‌లో ఆ షరతు ఎత్తేసింది. 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ప్రభావం ఉంటే ప్రోగ్రాము ఆధారిత ఆవిష్కరణకూ పేటెంటు ఇవ్వొచ్చని చెప్పింది. ఆ తర్వాత ఈ బాటలో గెలిచినవాళ్లలో మైక్రోసాఫ్ట్ ఉంది, బ్లాక్‌బెర్రీ ఉంది, రేథియాన్ ఉంది. గచ్చిబౌలి కుర్రవాడి పేరు నాకు కనబడలేదు.

మన చట్టంలో నిజంగా చిన్నవాడికి పనికొచ్చేవి వేరే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ సభలు పెట్టరు. ఆధారం లేకుండా పేటెంటు పేరుతో బెదిరిస్తే బెదిరించినవాడి మీదే దావా వేసి నష్టపరిహారం అడిగే హక్కు 106వ సెక్షన్ ఇచ్చింది. లాడ్సిస్ తరహా ఉత్తరాలు ఇక్కడ నుంచి ఇక్కడికే వస్తే జవాబు అక్కడుంది. పేటెంటు మంజూరు కాకముందే ఎవరైనా సరే అభ్యంతరం దాఖలు చేసే వీలు 25వ సెక్షన్‌లో ఉంది. మందుల పేటెంట్ల మీద రోగుల సంఘాలు దీన్ని వాడి గెలిచాయి. సాఫ్ట్‌వేర్‌వాళ్లు ఇంకా ఆ తలుపు తట్టడం నేర్చుకోలేదు.

3(కె)ని సడలించమని అడిగేవారికి నాదొక బేరం. సడలింపుతో పాటు చట్టంలో ఒక్క నిబంధన చేర్చడానికి ఒప్పుకోండి: ఎదుటివాడి పేటెంటు చూడకుండా, కాపీ కొట్టకుండా, సొంతంగా అదే పద్ధతిని కనుక్కుని వాడినవాడి మీద ఆ పేటెంటు పని చేయదు. మీరు చెబుతున్నట్టు ఉద్దేశం ఐడియాల దొంగతనాన్ని ఆపడమే అయితే దీనివల్ల మీకు పోయేదేమీ లేదు. దొంగ ఎలాగూ చూసే కొడతాడు. ఆ నిబంధనతో ముసాయిదా తెస్తే, దాన్ని సమర్థిస్తూ రాసే మొదటి వ్యాసం నాదే.